పరిమళం వేరు, పొగ వేరు

పొద్దున్నే పెరట్లో మల్లెలు కోసుకొస్తాం. బుట్ట నిండా ఘుమఘుమలాడుతుంటాయి. అయినా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడం. చూస్తే అవి ఇక దేవుడికి పనికిరావు. చిన్నపిల్ల చూసిందనుకోండి, "వాసన చూసినవా బిడ్డా! ఇగ అవి నువ్వే పెట్టుకో" అని దాని జడలో తురిమేస్తాం. నైవేద్యానికి పులిహోర కలిపేటప్పుడూ అంతే. ఉప్పు చాలిందో లేదో నాలుక మీద వేసుకుని చూడం. చెయ్యి అలవాటును నమ్ముకుని వేసేస్తాం.

రుచి చూస్తే ఎంగిలి అవుతుందంటే అర్థం చేసుకోవచ్చు. వాసన చూసినా ఎంగిలేనని మన పెద్దవాళ్లు అన్నారంటే వాసనను వాళ్లు తిండితో సమానంగా లెక్కపెట్టారన్నమాట! ముందు దేవుడు ఆరగించాలి, ఆ తర్వాతే మనం.

ఈ లెక్క మన ఒక్కరిదే కాదు, చైనావాళ్లదీ ఇదే. వాళ్ల భాషలో "శ్యాంగ్" అని ఒక మాట ఉంది. సువాసన అన్నా అదే, అగరొత్తి అన్నా అదే. గుడికి యాత్ర పోవడాన్ని వాళ్లు "అగరొత్తులు సమర్పించడం" అంటారు. యాత్రకు వచ్చినవాళ్లు "అగరొత్తి అతిథులు". హాంకాంగ్ పేరు మీరంతా వినే ఉంటారు, ఆ మాటకు అర్థం సుగంధాల రేవు. పూర్వం అగరు చెక్క అక్కడ ఓడలకెక్కేదట, అందుకే ఆ పేరని చెబుతారు. చనిపోయిన పెద్దల కోసం బల్ల మీద అన్నం, కూరలు, పండ్లు సర్ది అగరొత్తులు ముట్టిస్తారు. పెద్దలు వచ్చి ఆ వంటల వాసనతోనే తృప్తిపడి పోతారని నమ్మకం. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ వంటలే తింటారు.

అచ్చంగా మన పెత్రమాస లాగా లేదూ? ఆ రోజు పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. వాళ్లు బతికున్నప్పుడు ఏది ఇష్టంగా తినేవారో అదే వండుతాం. కొన్ని ఇళ్లల్లో నిప్పుల మీద కాస్త నెయ్యి, చిటికెడు మైసాచి వేసి పేరు పేరునా తలుచుకుంటారు. మధ్యాహ్నం దాకా ఇల్లంతా పెద్దల వాసనే. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ! తాంబాళంలో గుమ్మడి ఆకు పరిచి, గునుగు, తంగేడు వరుసలు పేరుస్తాం. ఒక్క సంగతి ఎప్పుడైనా గమనించారా? గునుగుపువ్వుకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. పేర్చడం అయ్యాక మన చేతులకు అంటుకునేది పచ్చి ఆకు వాసన, గౌరమ్మ పసుపు వాసన, అంతే. బతుకమ్మను కంటితో, చేత్తో, చప్పట్లతో, గొంతుతో కొలుస్తాం. ముక్కుకు అక్కడ పెద్దగా పని లేదు. అయినా మనవైపు ఆడవాళ్లకు బతుకమ్మను మించిన పండుగ ఉందా!

2016లో మన రెండు జిల్లాలు ఎనిమిది జిల్లాలయ్యాయి గానీ దేవుళ్ల వాసనలు మారలేదు. పోచమ్మ బోనమంటే వేపాకు, పసుపునీళ్ల సాక, మైసాచి పొగ. ఓదెల మల్లన్న అంటే బండారి. దర్శనం చేసుకుని వచ్చినవాళ్ల నుదుటి మీద, కొంగు మీద ఆ పసుపు వాసన రెండు రోజులు ఉంటుంది. బాసరలో అక్షరాభ్యాసం చేయించిన పిల్లలకు అమ్మవారి పసుపును నాలుక మీద పెట్టించేవాళ్లు ఎందరో. ఇక కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల చలికాలం చివర పసుపు ఉడికించే రోజుల్లో బస్సు కిటికీ తీస్తే చాలు, ఊరు ఊరంతా గౌరమ్మను చేస్తున్నట్టే ఉంటుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు పుష్య అమావాస్యకు మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు మోసుకొస్తారు, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. అక్కడి వాసన తడిసిన పుట్టమన్నుది. పీర్ల పండుగకు ఊదు. మన ఊళ్లల్లో పీరు ముందు ఊదు వేయించుకుని, మలీద పంచిన హిందువుల ఇళ్లు తక్కువా? వేములవాడ రాజన్న గుడి ఆవరణలో దర్గా ఉండటం మన తరంవాళ్లంతా చూసిందే. అటు మారేడు పత్రి, ఇటు ఊదు. ఎవరికీ ముక్కుపుటాలు అదరలేదు!

ఊదు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అది అరబ్బీ మాట. అక్కడ ఊదు అంటే అగరు చెక్క. మన అగరొత్తిలో ఉన్న అగరు, దుబాయి నుంచి వచ్చినవాళ్లు పెట్టెలో భద్రంగా తెచ్చే ఊదు అత్తరు, రెండూ ఒక్కటే. అస్సాంలో పెరిగే ఆ చెట్టుకు గాయమై బూజు పట్టినప్పుడు మాను లోపల నల్లటి జిగురు ఊరుతుంది. ఆ జిగురున్న చెక్కకే వాసన. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు వాసనే ఉండదట. సాంబ్రాణి కథా అలాంటిదే. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, లావోస్ దేశంలో చెట్టు బెరడుకు గాట్లు పెడితే కారి గట్టిపడే పాలు అది.

మైసాచి మాట ఇంకా బాగుంటుంది. మహిషాక్షి మన నోళ్లల్లో నలిగి మైసాచి అయింది, బర్రె కన్నులా నల్లగా నిగనిగలాడుతుందని ఆ పేరు. గుగ్గులు చెట్టు బంకలో అదొక రకం. రాజస్థాన్, గుజరాత్ ఎడారి నేలల్లో పెరిగే చిన్న ముళ్ల చెట్టు. ఎక్కువ బంక కోసం లోతుగా గాట్లు పెడితే చెట్టే ఎండిపోతుంది. అలా ఎండబెట్టీ ఎండబెట్టీ, అంతరించిపోయే ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న చెట్ల జాబితాలోకి దాన్ని తెచ్చేశారు. మన ఆదిలాబాద్ అడవుల్లో అందుగు చెట్టు ఉంది. దాని బంక ధూపం వేస్తే ఏ విదేశీ సరుకుకూ తీసిపోదు, అరబ్బు దేశాల సాంబ్రాణి చెట్టుకు అది చుట్టమే. దాన్ని మాత్రం మనం అడిగి కొనం!

మరి మనం కొనేది ఏమిటి? కంప్యూటర్ సాంబ్రాణి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అగ్గిపుల్ల గీస్తే చాలు పొగ వస్తుంది కదా, అందుకే అయ్యుంటుంది. బొగ్గుపొడి, రంపపు పొట్టు, ఏదో సెంటు కలిపి అచ్చు వేసిన కప్పులే చాలావరకు. అగరొత్తుల సంగతీ అంతే. అస్సాం అగరు పది రూపాయల ప్యాకెట్‌లో ఎలా వస్తుంది చెప్పండి? వెదురు పుల్ల మీద బొగ్గుపొడి ముద్ద చుట్టి, సెంటులో ముంచి ఆరబెడతారు. 2019లో ప్రభుత్వం దిగుమతుల మీద ఆంక్షలు పెట్టేదాకా ఆ బత్తులు కూడా చైనా, వియత్నాంల నుంచి రాశులుగా వచ్చేవి. సెంటు ఆవిరి కావడానికి నిప్పు కావాలి, నిప్పుకు బొగ్గు కావాలి. అంటే పరిమళం కోసమని మనం గదిలో కాలుస్తున్నది చాలావరకు బొగ్గూ, పొట్టూనే. దేవుడికి అర్పించేది ఒకటి, మనం పీల్చేది ఒకటి.

మా పక్క వాటాలో జరిగిన సంగతి చెబుతాను. రెండేళ్ల బాబు. చలికాలం రాగానే ఛాతీలో పిల్లికూతలు, రాత్రంతా దమ్ము. పిల్లల డాక్టరు ముందుగా అడిగిన మాట "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?" అని. ఎవరూ తాగరు. తర్వాత అడిగింది ధూపం గురించి. రోజూ రెండు పూటలా అగరొత్తులు, మంగళ, శుక్రవారాలు సాంబ్రాణి, తలస్నానం చేయించినప్పుడల్లా బాబును తట్ట మీద బోర్లా పట్టుకుని పొగ. గదికి ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ దోమలకు భయపడి మూసే ఉంటుంది. డాక్టరు పొగ మానమన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పిన కోడలికి, అత్తగారికి మూడు రోజులు మాటల్లేవు.

"నీ మొగణ్ని గీ పొగలనే పెంచిన. ఆనికేమైంది?" అని ఆవిడ.

"అప్పుడు పెంకుటిల్లు అత్తమ్మా, పొగంత పైకి పోయేది. గీ స్లాబు ఇంట్ల యాడికి పోతది?" అని ఈ పిల్ల.

ఇంటర్ చదివిన నేను పెద్ద సైన్సు చెప్పలేను గానీ, కోడలు చెప్పినదే అసలు సంగతి. పెంకుల సందుల్లోంచి, నడిమింటి గవాక్షంలోంచి పొగ దారి చూసుకుని పోయేది. ఇప్పుడు నాలుగు గోడలు, పైన స్లాబు, కిటికీకి అద్దం, కొందరికి ఏసీ. కంటికి కనపడనంత సన్నటి నుసి ఆ పొగలో ఉంటుంది. ముక్కు వెంట్రుకలు దాన్ని ఆపలేవు, నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు దిగుతుంది. పెద్దవాళ్ల కన్నా పసివాళ్లు ఎక్కువసార్లు ఊపిరి తీస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. బాలింత గదిలో మూసిన తలుపుల వెనక నిప్పుల కుంపటి పెట్టడం ఇంకా ప్రమాదం. బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. మన ముక్కు అక్కడ మనకు పనికిరాదు. అన్నట్టు, పిల్లల తర్వాత ఆ పొగ ఎక్కువ పీల్చేది ఎవరనుకున్నారు? పొయ్యి దగ్గరా, దేవుడి దగ్గరా నిలబడే మనమే.

"పొగ లేకపోతే పూజ ఎలా?" అన్న ప్రశ్న మా పక్కింటి అత్తగారిది మాత్రమే కాదు. తైవాన్ రాజధాని తైపేలో షింగ్‌టియన్ అనే పెద్ద గుడి ఉంది. చైనావాళ్లు కొలిచే గువాన్ గాంగ్ అనే వీరుడి గుడి, వ్యాపారులకు ఆయన ఇష్టదైవం. మామూలు రోజుల్లోనే వేలమంది వచ్చే చోటు. అలాంటి గుడి 2014 ఆగస్టులో అగరొత్తులు ఆపేసింది! ధూపపాత్రలు తీసేశారు, నైవేద్యాల బల్లలు కూడా తీసేశారు. చేతులు జోడిస్తే చాలన్నారు. వచ్చేవాళ్ల ఆరోగ్యం, చుట్టుపక్కల గాలి బాగుండాలని. ఆ వీధిలో అగరొత్తులు, నైవేద్యాలు అమ్ముకుని బతికే చిన్న దుకాణాలకు మాత్రం దెబ్బే తగిలింది, ఆ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. 2020లో అదే ఊళ్లోని లొంగ్‌షాన్ గుడి కూడా ఆ దారే పట్టింది.

అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. ప్రభుత్వం అగరొత్తులను నిషేధించబోతోందని పుకారు లేచి, 2017 జూలైలో చాలా గుళ్లవాళ్లు దేవతామూర్తులను పల్లకీల్లో పెట్టుకుని తైపే వీధుల్లోకి వచ్చారు. వాళ్ల బాధ కొట్టిపారేసేది కాదు. అక్కడ కొత్త గుడి కడితే పాత గుడి ధూపపాత్రలోని బూడిద తెచ్చి ఈ పాత్రలో కలుపుతారు. ఆ బూడిదతోనే తల్లి గుడికీ పిల్ల గుడికీ బంధుత్వం. మల్లన్న బండారి తెచ్చి మన ఇంటి దేవుడి అరలో పెట్టుకున్నట్టు. బూడిదే లేకపోతే ఆ బంధం ఏమవుతుందని వాళ్ల ప్రశ్న. అయినా షింగ్‌టియన్ గుడికి జనం వస్తూనే ఉన్నారు. అక్కడ నీలం అంగీలు తొడుక్కున్న ఆడవాళ్లు వరుసలో నిలబడి, జడుసుకున్నవాళ్లకు, దిగులు పడ్డవాళ్లకు తల చుట్టూ చేతులు తిప్పి భయం దిగదీస్తారు. మనం దిష్టి తీసినట్టే అనుకోండి. ఆ సేవ ఆగలేదు.

చైనావాళ్ల మాట ఇంకొకటి నన్ను కలుక్కుమనిపించింది. "అగరొత్తి నిప్పు" అంటే వాళ్ల భాషలో వంశం అని కూడా అర్థం. కొడుకు లేని ఇంటిని అగరొత్తి నిప్పు ఆరిపోయిన ఇల్లు అనేవారు. తలకొరివికి కొడుకుండాలని మన దగ్గర అన్నట్టే! రోజూ పొద్దున్నే లేచి ఆ నిప్పు ముట్టించేది చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు, పేరు మాత్రం కొడుకులది. సరే, పేరు వాళ్లనే ఉంచుకోనిద్దాం. దేవుడి అరలో రోజుకు ఎన్ని బత్తులు కాల్చాలో, నిప్పులు ఏ గదిలో పెట్టాలో నిర్ణయించేది మాత్రం మనమే కదా. దానికి ఏ పంతులుగారినీ, ఏ పెద్దమనిషినీ అడగక్కర్లేదు.

పక్కింట్లో చివరికి దారి చూపింది అత్తగారే. పెత్రమాస నాడు నిప్పుల పెంకు తీసుకుని పెరట్లో తులసికోట పక్కకు నడిచింది. మైసాచి అక్కడే వేసింది, పెద్దల పేర్లన్నీ అక్కడే చెప్పింది. "ఆళ్లు పొలం కాడ బతికినోళ్లు, బయటనే ఊపిరాడ్తది" అంది. కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. బాబుకు మందు పంపు ఇంకా ఉంది, కానీ రాత్రిళ్లు లేచి కూర్చోవడం తగ్గింది.

మీరూ అలాగే చెయ్యొచ్చు. ఆకిలి ఊడ్చి సాన్పి చల్లినాక, బయటే నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగ బాగా పలచబడ్డాక గుమ్మాలన్నీ బార్లా తీసి ఒక్కసారి ఇల్లు తిప్పండి. పసివాళ్లు, దమ్ము ఉన్నవాళ్లు ఆ పావుగంట వేరే చోట ఉండాలి. లోపల ఒక్క దీపం చాలు. అగరొత్తి తప్పదనుకుంటే ఒకటే, అదీ కిటికీ పక్కన. సాన మీద రోజూ రెండు చుక్కల నీళ్లతో గంధం అరగదీయండి. పది చుట్లు తిప్పేసరికి వచ్చే వాసనకు ఏ కప్పు సాంబ్రాణీ సాటి రాదు, పొగ అసలే లేదు. మరువం, దవనం కుండీలో కూడా పెరుగుతాయి. చిన్న రెమ్మ తుంచి దేవుడి దగ్గర పెడితే సాయంత్రం దాకా ఉంటుంది. పసివాళ్ల తల మెత్తటి నూలు గుడ్డతో ఒత్తి పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోబెడితే ఆరిపోతుంది. వాళ్ల బట్టలకు సువాసన కావాలంటే పెట్టెలో వట్టివేరు కట్ట పెట్టండి.

కర్పూరం దగ్గర మాత్రం బహు జాగ్రత్త. ఒకప్పుడు చైనా, తైవాన్, జపాన్‌లలో కర్పూరం చెట్టు చెక్కను ఆవిరి పట్టి తీసేవారు. తైవాన్ జపాన్ చేతిలో ఉన్న రోజుల్లో, 1899లో, ఆ వ్యాపారాన్ని సర్కారే గుత్తకు తీసుకుంది, అంత గిరాకీ దానికి. ఇప్పుడు మనం హారతికి వాడే బిళ్లలు చాలావరకు టర్పెంటైన్ నూనె నుంచి ఫ్యాక్టరీలో చేసినవి. చూడ్డానికి చక్కెర బిళ్లల్లా తెల్లగా ఉంటాయి. పాకే పిల్లలు ఒక్క బిళ్ల మింగినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా చాలు, కక్కించే ప్రయత్నాలు పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జలుబు చేసిందని పసిబిడ్డ మెడకు కర్పూరం మూట కట్టడం, కొబ్బరినూనెలో కరగబెట్టి ఛాతీకి రాయడం కూడా వద్దు. తీర్థంలో వేసే పచ్చకర్పూరం వేరు, తినడానికి పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే కొనండి. చెంబెడు నీళ్లకు బియ్యపుగింజలో సగం చాలు, రెండు యాలకులు, నాలుగు తులసి ఆకులు. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు ఇంకో రకం విషం, వాటిని దేవుడి సామాన్ల డబ్బా దరిదాపులకు రానివ్వకండి.

కట్టెబొగ్గు నిప్పులు ఆరాక ఆ బూడిద మొక్కల మొదట్లో వేసుకోవచ్చు. కప్పు సాంబ్రాణి బూడిద, అగరొత్తి నుసి మాత్రం తులసికోటలో పొయ్యకండి. వాటిలో ఏ సెంటు, ఏ రంగు కలిపారో ప్యాకెట్ మీద రాయరు.